ప్లేటు రేటు తర్వాత చూద్దాం, ముందు ఆకులు లెక్కపెట్టండి

తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ పెళ్ళి కుదిరిన ఇంట్లో ఖర్చు మాట రాగానే మొదలయ్యేది ప్లేటు బేరం. ముగ్గురు నలుగురు క్యాటరింగ్ వాళ్ళని పిలిపించి, మెనూ కాగితాలు పక్కపక్కన పెట్టుకుని, 380 అన్నవాణ్ణి 350కి దించి, గెలిచామనుకుంటారు. దిగిన ఆ 30 రూపాయలు అతని జేబులోంచి పోవు. పనీరు ముక్క చిన్నదవుతుంది, నెయ్యి ఉండాల్సిన చోట వనస్పతి వస్తుంది, వడ్డనకి పన్నెండు మంది కుర్రాళ్ళు రావాల్సిన చోట ఎనిమిది మంది వస్తారు. రెండో పంక్తిలో కూర్చున్న మేనత్తకి సాంబారు అందకపోవడానికి అసలు కారణం ఆ బేరమే.

బిల్లుని తేల్చేవి వేరే ఉన్నాయి. ఎన్ని పూటలు పెడుతున్నాం, ఒక్కో పూటకి ఎన్ని ఆకులకి మాట ఇచ్చాం, మండపం కాగితంలో అద్దె కింద ఇంకేమేం రాశారు. ఈ మూడూ సరిగ్గా తేల్చుకున్నవాళ్ళు ప్లేటుకి 20 రూపాయలు ఎక్కువిచ్చినా తక్కువలోనే బయటపడతారు. ఇవి వదిలేసి రేటు దగ్గర పట్టుబట్టినవాళ్ళకి చివరికి తడిసి మోపెడవుతుంది.

రెండు రోజుల మండపం, మూడు పూటల తిండి

మన వైపు పద్ధతి కోస్తా చుట్టాలకి కొత్తగా ఉంటుంది. వాళ్ళకి పెళ్ళయ్యాక రిసెప్షన్. మన దగ్గర చాలా ఇళ్ళలో, అటు తమిళనాడులో, ఇటు కర్ణాటకలో చేసినట్టే, ముందు రోజు సాయంత్రం రిసెప్షన్, తెల్లవారి ముహూర్తం. మండపం ఒక మధ్యాహ్నం చేతికొస్తే మర్నాడు మధ్యాహ్నానికి ఖాళీ చేయాలి. ఈ మధ్యలో రాత్రి విందు, పొద్దున టిఫిను, మధ్యాహ్నం పప్పన్నం. మూడు పూటలు, మూడు బిల్లులు.

ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు ఉదాహరణకే, మీ ఊరి రేట్లు వేసుకోండి. రాత్రి విందుకి 700 మంది, ప్లేటు 350: 2,45,000. టిఫినుకి 250 మంది, 120 చొప్పున 30,000. మధ్యాహ్నం 400 మంది, 300 చొప్పున 1,20,000. మొత్తం 3,95,000. రాత్రి ప్లేటు మీద 20 రూపాయలు తగ్గించారనుకోండి, మిగిలేది 14,000.

ఇప్పుడు ఇంకోలా. మధ్యాహ్నం తిన్న ఆ 400 మందిలో దాదాపు అందరూ ముందు రాత్రి కూడా తిన్నవాళ్ళే. దగ్గరి చుట్టాలకి రెండు విందులు పెడుతున్నాం, రెండో విందు వాళ్ళు అడిగింది కాదు. రాత్రి రిసెప్షన్ తీసేసి, ముహూర్తం అయ్యాక పదిన్నర నుంచి ఒకటిన్నర దాకా స్టేజీ మీద నిలబడి, అదే పూట అందరికీ ఒకే పెద్ద భోజనం పెట్టండి. 650 మంది వస్తే 300 చొప్పున 1,95,000. ముందు రాత్రి మండపంలో దిగిన 120 మందికి చిత్రాన్నం, పప్పు, సాంబారు, పెరుగు, ప్లేటు 150 చొప్పున 18,000. టిఫిను అదే 30,000. మొత్తం 2,43,000. తేడా లక్షన్నర పైచిలుకు. రాత్రి లైటింగు, ఆర్కెస్ట్రా, రెండోసారి మార్చే స్టేజీ పూలు ఇంకా ఈ లెక్కలోకి రాలేదు.

మండపం అద్దె మాత్రం దీనివల్ల తగ్గుతుందనుకోకండి. ఎక్కువ మండపాలు మధ్యాహ్నం నుంచి మధ్యాహ్నం దాకా ఒకే ముక్కగా ఇస్తాయి, సగం రోజు అద్దె అంటే ఒప్పుకోవు.

దీనికి అందరూ చెప్పే అభ్యంతరం, పగలు పెడితే ఆఫీసు వాళ్ళు రారని. ఆదివారం ముహూర్తమైతే వస్తారు. పనిరోజైతే సగం మంది రారు, నిజమే. రానివాళ్ళ కోసం ఇంకో 250 ప్లేట్ల విందు పెట్టాలా అన్నది మీరు తేల్చుకోవాలి. నా మటుకు అక్కర్లేదనే అంటాను. రెండో అభ్యంతరం గట్టిది. తెల్లవారుజామున నాలుగింటికో ఐదింటికో ముహూర్తం పడితే పదిన్నర దాకా పెళ్ళికూతురు పట్టుచీరలో కూర్చోవాలి. అలాంటప్పుడు రిసెప్షన్ సాయంత్రమే ఉంచి, మధ్యాహ్నం భోజనాన్ని కుదించండి. టిఫిను కాస్త గట్టిగా పెట్టి, పదింటికల్లా చాలామందిని సాగనంపి, ఉన్న 150 మందికి అన్నం పెడితే చాలు. రెండూ పెద్దవిగా చేయడమే కొంప ముంచేది.

తేదీ సంగతి కూడా ఇక్కడే. పురోహితుడి దగ్గర ఒకే ముహూర్తం రాయించుకుని మండపాల చుట్టూ తిరిగితే వాళ్ళు చెప్పిందే రేటు. మూడు నాలుగు తేదీలు రాయించుకుని వెళ్ళండి. మూఢం, ఆషాఢం, పుష్యం పోగా మిగిలిన గట్టి ముహూర్తాల రోజు ఊళ్ళో వంట మాస్టరు కూడా ఒకేసారి మూడు చోట్ల ఒప్పుకుంటాడు, మీ దగ్గరికి అతని తమ్ముడొస్తాడు. తిరుపతికి ఇంకో ఇబ్బంది ఉంది. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, వేసవి సెలవులు, వారాంతాలు లాడ్జి గదులకి గిరాకీ రోజులు. పెళ్ళికొచ్చే ప్రతి చుట్టమూ దర్శనం కూడా చూసుకునే వస్తాడు కాబట్టి రెండు రోజుల ముందే దిగుతాడు. గదుల ఖర్చు, ఆ రెండు రోజుల టిఫిన్ల ఖర్చు రిసెప్షన్ బిల్లులో ఎక్కడా కనపడవు.

కొండ మీద చేసుకుంటే తక్కువే కదా అంటారు. నిజమే, షరతులతో. తిరుమలలో పాపవినాశనం రోడ్డులోని కల్యాణ వేదికలో 2016 నుంచి టీటీడీ ఉచితంగా పెళ్ళిళ్ళు చేయిస్తోంది. ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి. పురోహితుడు, మంగళవాద్యం వాళ్ళవే. పెళ్ళిని ముప్పై నలభై మందికి కుదించడానికి ఇంతకన్నా మర్యాదైన దారి లేదు, కొండ మీద పెళ్ళి అంటే పిలవలేదని ఎవరూ అలగరు. చిక్కల్లా తర్వాతే. కొండ మీద చేశాం కాబట్టి కింద ఘనంగా రిసెప్షన్ ఇవ్వాలనుకోగానే మిగిలిందంతా పోతుంది, పైగా ప్రయాణాలు, గదులు అదనం. కుబేరుడి దగ్గర అప్పు చేసి పెళ్ళి చేసుకున్న స్వామి ఊరు ఇది. ఆయన అప్పు తీర్చడానికి హుండీ ఉంది, మనకి లేదు.

ఎంతమంది వస్తారు

మనకి వస్తాం, రాం అని ముందే చెప్పే అలవాటు లేదు. పత్రిక చేతిలో పెట్టగానే "తప్పకుండా" అంటారు, అంతే. కాబట్టి లెక్క మనమే వేయాలి. 250 పత్రికలు పంచాం, ఇంటికి నలుగురు, వెయ్యి మంది అని నోటిలెక్క వేసేవాళ్ళే ఎక్కువ. ఆ వెయ్యిలో సగానికి పైగా రారు.

పత్రికల్ని మూడు కుప్పలు చేయండి. మొదటి కుప్ప కచ్చితంగా వచ్చే బంధువులు. ఇంటికి నలుగురు, పదిమందిలో తొమ్మిదిమంది వస్తారు. రెండోది ఆఫీసు, స్నేహితులు, వీధివాళ్ళు. పత్రికకి ఇద్దరు, వాళ్ళలో పదికి ఆరుగురు. మూడోది మర్యాదకి ఇచ్చినవి. ఇద్దరు చొప్పున, పదికి ముగ్గురు. పై 250లో మొదటి కుప్ప 80, రెండోది 100, మూడోది 70 అయితే వచ్చేది 288, 120, 42. మొత్తం 450. ఇది శాస్త్రం కాదు, మోటు లెక్క. పల్లెలో పెళ్ళయితే రెండో కుప్ప పెరుగుతుంది, ఊరంతా కదులుతుంది. తిరుపతి టౌన్లో వానపడ్డ సాయంత్రం మూడో కుప్ప పూర్తిగా పోతుంది.

అవతలి వియ్యాల వారి లెక్క వేరు. "మా వైపు మూడొందల మంది" అంటారు, ఆ మాటని ఎదురు ప్రశ్నించడం బాగుండదు. ఎంతమంది అని అడగకండి. "బావగారూ, ఎన్ని బస్సులు పెడుతున్నారు, కార్లెన్ని?" అని అడగండి. రెండు బస్సులు, ఆరు కార్లు అంటే 130. పార్కింగు కోసం అడిగినట్టే ఉంటుంది.

వచ్చిన అంకెని అలాగే క్యాటరింగ్ వాళ్ళకి చెప్పకూడదు. వాళ్ళతో మాట్లాడాల్సింది మినిమమ్ గ్యారంటీ, అంటే జనం తక్కువొచ్చినా మనం డబ్బు కట్టి తీరాల్సిన ప్లేట్ల అంకె. 450 వస్తారనుకుంటే 400కి గ్యారంటీ ఇవ్వండి, ఆపైన 60 ప్లేట్ల దాకా అదే రేటుకి అందించాలని, ఆఖరి అంకె మూడు రోజుల ముందు చెబుతామని కాగితం మీద రాయించుకోండి. తక్కువ పడుతుందేమోనన్న భయంతో 600 చెబితే ఏమవుతుందంటే, అనుభవం ఉన్న మాస్టరు మీ ముఖం చూసి 500కే వండుతాడు, బిల్లు 600కి వేస్తాడు. వండని నూరు ప్లేట్లకి మీరు డబ్బు కడతారు. అలాగని 300 చెప్పి 450 మందిని కూర్చోబెడితే అతనేం చేయలేడు.

తక్కువ పడ్డప్పుడు ముందు అయిపోయేవి ఏవో తెలిస్తే ఆ భయం కొంత తగ్గుతుంది. స్వీటు, వడ, పనీరు కూర లాంటి ప్రత్యేకాలు అయిపోతాయి. అన్నం కాదు. అన్నం ముప్పావు గంటలో మళ్ళీ వార్చొచ్చు, రసం అరగంట పని. కాబట్టి వంటగదిలో 10 కిలోల బియ్యం, 5 కిలోల టమాటా, 10 లీటర్ల పెరుగు, ఒక నిండు సిలిండరు విడిగా పెట్టించండి. 70, 80 మంది ఎక్కువొచ్చినా పరువు నిలుస్తుంది. స్వీటు మాత్రం మొదటి పంక్తిలో ఒక్కొక్కటే వేయించాలి, మారు అడిగినవాళ్ళకే రెండోది.

ఇంకొకటి, ఎవరూ పట్టించుకోనిది. ఫోటోగ్రాఫర్లు, మేళగాళ్ళు, డెకరేషన్ కుర్రాళ్ళు, డ్రైవర్లు, మండపం సిబ్బంది కలిపి ఏ పెళ్ళిలోనైనా 40, 50 మంది ఉంటారు. మాట్లాడుకోకపోతే వీళ్ళందరికీ అతిథుల ప్లేటు రేటే పడుతుంది. వాళ్ళకి కడుపునిండా పప్పు, కూర, సాంబారు, పెరుగు విడిగా, సగం రేటుకి ముందే మాట్లాడండి. పంక్తులన్నీ లేచేదాకా ఆకలితో ఉండకుండా వాళ్ళు కూడా వేళకి తింటారు.

మండపం

కరకంబాడి రోడ్డు, తిరుచానూరు రోడ్డు, రేణిగుంట రోడ్డు, అటు చిత్తూరులో ఊరి అంచుల్లో, ఎక్కడ మండపం చూడ్డానికి వెళ్ళినా మనల్ని తీసుకెళ్ళి నిలబెట్టేది స్టేజీ ముందు. వెయ్యి కుర్చీలు, షాండిలియర్లు, ఏసీ. మీరు అక్కడ ఆగకుండా నేరుగా భోజనాల హాల్లోకి నడవండి. బెంచీలు లెక్కపెట్టండి. ఒక పంక్తి కూర్చుని, తిని, లేచి, బల్ల తుడిచి, మళ్ళీ ఆకులు వేయడానికి 35 నుంచి 40 నిమిషాలు. 200 సీట్లుంటే 700 మందికి నాలుగు పంక్తులు, రెండున్నర గంటలు. రాత్రి ఏడున్నరకి మొదలుపెడితే పది. చివరి పంక్తి వాళ్ళకి వెనక కుర్చీ పట్టుకుని నిలబడే అవస్థ. అందుకే పెద్ద స్టేజీ, చిన్న భోజనాల హాలు ఉన్న మండపం మీకు నష్టం. జనం ఆగలేరని బఫే పెట్టాల్సి వస్తుంది, బఫేకి కౌంటర్లు, కౌంటర్లకి మనుషులు, అలా పెరుగుతూ పోతుంది. పెద్ద భోజనాల హాలు, ఒక మోస్తరు స్టేజీ ఉన్నది తక్కువ అద్దెకే దొరుకుతుంది, పనీ సాఫీగా అవుతుంది.

తర్వాత వంటగది. నీళ్ళ కుళాయి ఎన్ని, గిన్నెలు కడిగే చోటు ఎక్కడ, వంటగది నుంచి పంక్తికి ఎంత దూరం. వంట కింద, భోజనం పై అంతస్తులో ఉండి లిఫ్టు లేకపోతే వడ్డనకి నలుగురైదుగురు ఎక్కువ కావాలి.

ఇక కాగితం. అద్దె అంకె ఎంత చిన్నగా ఉంటే కింద అంత ఎక్కువ రాసుంటారు. కరెంటు యూనిట్ల లెక్కనా, ఒకే మొత్తమా? యూనిట్లయితే తాళం తీసుకునేటప్పుడు మీటరు ఫోటో తీసుకోండి. జనరేటరుకి గంటకింత అంటే డీజిల్ ఎవరిది? ఏసీ ఎన్ని గంటలు? క్లీనింగ్, చెత్త ఎత్తడం, గ్యాసు ఎవరివి? బయటి వంటవాళ్ళని తెస్తే వంటగది చార్జీ ఉందా? డెకరేషన్ మా మనిషికే ఇవ్వాలన్న షరతు ఉందా? ఈ చివరిది చాలా చోట్ల ఉంటుంది, నోటిమాటగా చెప్పి కాగితంలో రాయరు. అద్దెలో 20,000 తగ్గించి డెకరేషన్లో 60,000 రాబట్టుకుంటారు. అడ్వాన్సు కట్టకముందు డెకరేషన్ రేటు కూడా తెలుసుకున్నాకే రెండు మండపాల్ని పోల్చండి.

పన్ను గురించి తెలిసినవాళ్ళు తక్కువ, తేడా మాత్రం పెద్దది. మండపం ఒక్కటే అద్దెకి తీసుకుంటే అద్దె మీద 18 శాతం జీఎస్టీ. క్యాటరింగ్ మీద 5 శాతం. మండపం, భోజనం రెండూ ఒకరే ఒకే ఒప్పందంగా ఇస్తే మొత్తం మీద 5 శాతమే. గది అద్దె రోజుకి 7,500 దాటే పెద్ద హోటళ్ళు దీనికి మినహాయింపు, అక్కడ 18. గుడి ఆవరణలో ధార్మిక ట్రస్టు నడిపే కల్యాణ మండపానికి రోజు అద్దె 10,000 లోపైతే జీఎస్టీయే లేదు. లక్షన్నర అద్దె మండపానికి విడిగా పన్ను 27,000, కలిపి తీసుకుంటే ఆ ముక్క మీద 7,500. అయితే కలిపి ఇచ్చేవాళ్ళు ప్లేటు రేటులో అద్దెని కొంచెం దాచుతారు కాబట్టి పన్ను కలిపిన ఆఖరి మొత్తాన్నే పోల్చాలి. "బిల్లు వద్దంటే పన్ను లేదు, అంతా నగదివ్వండి" అన్నవాడికి ఒక మాట గుర్తు చేయండి. ఒకే వేడుకకి ఒకే మనిషి దగ్గర 2 లక్షలు, అంతకు మించి నగదు పుచ్చుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు, జరిమానా పడేది తీసుకున్నవాడికే. మీకూ చేతిలో బిల్లు లేకపోతే తేడా వచ్చిన రోజు అడగడానికి ఏమీ ఉండదు.

టీటీడీ కల్యాణ మండపాలు, గుళ్ళ మండపాలు అద్దెకి తక్కువ. మాంసం, మందు ఉండవు. ఇది ఇబ్బందిగా కాకుండా లాభంగా చూడాలని నా సలహా. మాంసం భోజనం పెళ్ళైన తర్వాత ఇంటి దగ్గర, దగ్గరి చుట్టాల వరకు పెట్టుకుంటే 80, 100 మందితో పోతుంది. 600 మందికి నాటుకోడి అని మెనూలో రాసినవాడు నిజంగా నాటుకోడి పెట్టాడో లేదో ఆ ముక్కని కొరికినవాళ్ళకి తెలుస్తుంది.

వంటవాళ్ళ సామాన్ల లిస్టు

300 మంది లోపైతే ప్లేటు లెక్కకి ఇచ్చేయండి. పీకులాట తక్కువ. 500 దాటితే, ఇంట్లో రెండు రోజులు దీనికే కేటాయించగల మనిషి ఒకరుంటే, కూలి పద్ధతి మేలు. సరుకు మనది, వంట మాస్టరుకి కూలి, వడ్డన కుర్రాళ్ళు విడిగా, పాత్రలు సప్లయర్స్ దగ్గర అద్దెకి, గిన్నెలు కడిగే ఆడవాళ్ళు విడిగా. ఇందులో మిగిలేదీ పోయేదీ ఒకే చోట, మాస్టరు రాసిచ్చే సామాన్ల లిస్టులో.

లిస్టు ఎప్పుడూ లావుగానే వస్తుంది. మోసమని కాదు, తక్కువ పడితే మాట అతనికి వస్తుంది కాబట్టి. చదవడం మనకి రావాలి. 500 మందికి పప్పు, సాంబారు, రసం, రెండు కూరలు, పులిహోర, వడ, పాయసం, పెరుగు, అప్పడం ఉన్న మధ్యాహ్న భోజనం అనుకోండి. తెల్లన్నానికి మనిషికి 100 నుంచి 110 గ్రాముల బియ్యం, అంటే 50 నుంచి 55 కిలోలు. పులిహోరకి 15. కందిపప్పు పప్పుకి 8, సాంబారుకి 8. లిస్టులో 25 ఉంటే అడగండి. వడకి కిలో మినపప్పుకి 35 నుంచి 40 వస్తాయి, 600 వడలకి 16 కిలోలు. కూరకి తరిగే ముందు 80 గ్రాములు, ఒక్కో కూరకి 40 కిలోలు. పెరుగు 45 నుంచి 50 లీటర్లు. నెయ్యి వడ్డనకి 3, పాయసానికి తాలింపులకి 2. నూనె 15 కిలోల డబ్బా ఒకటి, పైన ఐదు లీటర్లు. జీడిపప్పు కిలోన్నర. ఈ చివరి మూడింటి దగ్గరే లిస్టు ఎక్కువగా ఉబ్బుతుంది.

కిరాణా కొట్టతనితో ముందే ఒక మాట అనుకోండి, విప్పని మూట, తెరవని డబ్బా వెనక్కి తీసుకోవాలని. పెళ్ళి సరుకు ఇచ్చేవాళ్ళు చాలామంది ఒప్పుకుంటారు. అప్పుడు 10 కిలోలు ఎక్కువ తెచ్చినా భయం లేదు. కూరగాయలకి ఈ వీలు లేదు. టమాటా మీద ఆధారపడ్డ మెనూ మన వైపు జూదమే. 2023 జులై ఆఖర్లో మదనపల్లె మార్కెట్లో కిలో 200 దరిదాపుల్లోకి వెళ్ళింది, ఇంకో ఏడాది అదే టమాటాని రైతులు రోడ్డు పక్కన పారబోస్తారు. కూరల పేర్లు మూడు నెలల ముందు అచ్చు వేయకుండా, "ఆ వారం మార్కెట్లో బాగున్న రెండు కూరలు" అని మాస్టరుతో అనుకోండి. ఏ వంకాయ, ఏ చిక్కుడు అన్నది నాలుగు రోజుల ముందు తేలుతుంది.

పెరుగు దగ్గర జరిగే పొరపాటు ఎండాకాలంలో అందరికీ తెలుస్తుంది. మే నెలలో రాత్రి తొమ్మిదికి తోడేసిన పాలు మర్నాడు మధ్యాహ్నానికి పులిసిపోతాయి. మధ్యాహ్నం వడ్డనకి తెల్లవారుజామున నాలుగింటికి, రాత్రి వడ్డనకి మధ్యాహ్నం ఒంటిగంటకి తోడేయించాలి. పులిసిన 50 లీటర్లు మజ్జిగకి తప్ప పనికిరావు, మళ్ళీ ప్యాకెట్ల పెరుగు కొనాలి.

మెనూ: ఏది తీసేయాలి

రిసెప్షన్ మెనూలో ఖర్చు పెంచేది వంటకాల సంఖ్య కన్నా కౌంటర్లు. పానీపూరి, చాట్, దోసె, తందూరీ, ఒక్కోదానికి ఒక మనిషి, ఒక పొయ్యి, ఒక బల్ల. బిల్లు మాత్రం మొత్తం ప్లేట్లకి. 700 మందిలో పానీపూరి దగ్గర ఆగేది పిల్లలు, కుర్రకారు. పెట్టే తీరాలంటే 200 మందికి సరిపడా విడిగా ఒప్పుకోండి, అయిపోతే అయిపోయింది. తందూరీ కౌంటరైతే నేను పూర్తిగా వద్దంటాను. ఒక పొయ్యి, ఒక మాస్టరు 700 మందికి వేడిగా రొట్టెలు అందించడం అయ్యే పని కాదు. అందుకే ఆరింటికే కాల్చి డబ్బాల్లో పేరుస్తారు, తొమ్మిదింటికి తోలులా సాగుతాయి, సగం ప్లేట్లలోనే మిగులుతాయి. దాని వెంట పనీరు కూర కూడా వృథా.

దాని బదులు రాగి సంగటి పెట్టండి. మన జిల్లాల్లో దీన్ని చిన్నచూపు చూసే రోజులు పోయాయి. చిన్న ముద్దకి 30 గ్రాముల రాగిపిండి, 15 గ్రాముల బియ్యం చాలు. 500 ముద్దలకి 15 కిలోల పిండి, ఏడెనిమిది కిలోల బియ్యం. పక్కన పప్పు, గుత్తొంకాయ, వేరుశెనగల ఊరిబిండి పచ్చడి. ఖర్చు రొట్టె, పనీరుతో పోలిస్తే సగం కూడా కాదు. ఒకటే జాగ్రత్త. సంగటి ఒకేసారి కెలికి పెట్టకూడదు. గుండిగలో బియ్యం మెత్తగా ఉడికాక పిండి కుప్పగా పోసి, కదపకుండా మూతపెట్టి మగ్గనిచ్చి, అప్పుడు తెడ్డుతో ఎనపాలి. పిండి పోయగానే కెలికితే ఉండలు కట్టి లోపల పచ్చిగా ఉంటుంది. ముద్ద చేశాక ఇరవై నిమిషాలు దాటితే పైన ఎండి పగుళ్ళు తీస్తుంది, ఆ ముద్దని ఎవరూ ముట్టరు. కాబట్టి పంక్తికో గుండిగ. ముద్దలు నెయ్యి రాసిన గిన్నెలో తిప్పి, తడిగుడ్డ కప్పి పంక్తిలోకి తేవాలి. మాస్టరు "ఏడింటికే చేసేసి హాట్‌ప్యాక్‌లో పెడతా" అంటే ఒప్పుకోకండి.

స్వీట్లు రెండు చాలు. ఓళిగ (బొబ్బట్టు) ఒకటి, పాయసం ఒకటి. మే, జూన్‌లలో పెళ్ళయితే ఐస్‌క్రీం, ఫ్రూట్ సలాడ్ రెండూ తీసేసి బేనిషా (బంగినపల్లి) మామిడి ముక్కలు కోసి పెట్టండి. మామిడి పండే జిల్లాలో ఉంటూ సీజన్లో డబ్బా ఫ్రూట్ సలాడ్ పెట్టడం నాకైతే అర్థం కాదు. ఐస్‌క్రీం ఉండాల్సిందే అంటే తెరవని కప్పులు వెనక్కి తీసుకోవాలన్న షరతు మీద.

నీళ్ళు చిన్న ఖర్చులా కనిపించే పెద్ద ఖర్చు. 300 మిల్లీలీటర్ల సీసాలైతే 700 మందికి 900 పోతాయి, సగం తాగి వదిలేస్తారు. 20 లీటర్ల క్యాన్లయితే 25 చాలు, జగ్గులు పట్టుకుని తిరిగే ఇద్దరు కుర్రాళ్ళు కావాలి, అంతే. తాగే నీళ్ళు వేరు, వంటకీ కడగడానికీ ట్యాంకరు వేరు. మండపంలో బోరు ఉందని చెప్పినా ఆ నీళ్ళతో పప్పు ఉడుకుతుందో లేదో మాస్టరుని ఒకసారి చూడమనండి. ఉప్పు నీళ్ళయితే పప్పు గంటలకొద్దీ ఉడకదు, గ్యాసు తగలేస్తుంది.

ఆ రోజు

క్యాటరింగ్ వాళ్ళతో గొడవలు ఎక్కువగా వచ్చేది ప్లేట్ల లెక్క దగ్గర. ఆకు భోజనమైతే సులువు. పొద్దున ఆకులు ఎన్ని వచ్చాయో మీ మనిషి, వాళ్ళ మనిషి కలిసి లెక్కపెట్టాలి. చిరిగినవి పారేయకుండా పక్కన పెట్టమనాలి. అయ్యాక మిగిలినవి, చిరిగినవి తీసేస్తే తిన్నవాళ్ళ లెక్క తేలిపోతుంది. బఫేలో ఒకే మనిషి రెండు ప్లేట్లు తీసుకుంటాడు, అది రెండు కిందే లెక్క. బఫే కన్నా పంక్తి మేలనడానికి ఇదీ ఒక కారణం. ఈ పని పెళ్ళికొడుకు తండ్రికో పెళ్ళికూతురు అన్నకో అప్పజెప్పకండి, వాళ్ళని ఎవరో ఒకరు ఫోటోకి లాక్కుపోతారు. అంత దగ్గర కాని, నోరున్న బాబాయి ఒకరిని వంటగది దగ్గర కూర్చోబెట్టండి.

మిగిలిన వంట ఎవరిదన్నది ముందే రాసుకోవాలి. ప్లేటు లెక్క ఒప్పందంలో మిగిలింది తమదేనంటారు కొందరు. అనాథాశ్రమానికో వృద్ధాశ్రమానికో ఇవ్వాలనుకుంటే ముందు రోజే ఫోన్ చేసి, వాళ్ళు ఏ వేళకి తింటారో కనుక్కోండి. రాత్రి పదకొండింటికి గుండిగలు దింపితే వాళ్ళేం చేసుకుంటారు? వండి నాలుగు గంటలు దాటిన అన్నం, సాంబారు, కొబ్బరి వేసిన కూర, పెరుగన్నం ఇవ్వకండి. ముట్టని పొడి స్వీట్లు, పులిహోర పరవాలేదు.

డబ్బు మూడు వాయిదాల్లో ఇవ్వండి. అడ్వాన్సు పావు వంతు, సరుకు కొనే ముందు సగం, ఆఖరి పావు ఆకుల లెక్క తేలాక. మొత్తం ముందే ఇచ్చినవాళ్ళకి ఆఖరి పంక్తిలో వడ్డనవాళ్ళు కనపడరు. వడ్డన కుర్రాళ్ళకి ఇచ్చే మామూలు మేస్త్రీ చేతికి కాకుండా వాళ్ళ చేతికే, అదీ చివరి పంక్తి కూర్చున్నాక ఇస్తామని ముందే చెప్పండి. మండపం తాళం ఇచ్చేటప్పుడు మీటరు మళ్ళీ ఫోటో తీయండి, డిపాజిట్ ఏ రోజు వెనక్కిస్తారో రాయించుకోండి. విప్పని గ్యాసు సిలిండర్లు, సరుకు మూటలు వెళ్ళాల్సిన చోటికి వెళ్ళాయో లేదో చూడండి. పాత్రలు బండెక్కే ముందు గరిటెలు, బకెట్లు, జగ్గులు లెక్కపెట్టి సప్లయర్స్ మనిషి చేత సంతకం పెట్టించుకోండి. పోయిన పాత గరిటెకి కొత్త గరిటె ధర వేస్తారు.